కోడి వదిలిన గుడ్లు

పిల్లల కోడి గంప దిగి పోయాక గంపలో రెండో మూడో గుడ్లు మిగిలిపోవడం కోళ్లు పెంచిన ఇళ్లన్నిటికీ తెలిసిన సంగతే. ఆ గుడ్లను ఏం చేయాలి? మా ఇంట్లో మూడు తరాలు మూడు రకాలుగా చేశాయి. మా అవ్వ వాటిని పాత చీర ముక్కలో చుట్టి పొయ్యి గోడ పక్కన పెట్టేది. మా అమ్మ చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూసి పెంటకుప్ప మీద వేసేది. నేను అమీన్‌పూర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డులో థర్మోకోల్ పెట్టె ఒకటి పెట్టుకుని అందులో పొదిగిస్తున్నాను. అవ్వ చేసిన పని అమ్మకు చేతకాక కాదు. ఈ రెండు తరాల మధ్య కోళ్ల లోకమే తలకిందులైంది. ఆ కథను హేచరీల వైపు నుంచి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను గంపలో మిగిలిన గుడ్ల వైపు నుంచి చెప్తాను.

నేను ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. పటాన్‌చెరు, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్ల వేడి ఎంత ఉండాలో అంతే ఉండేట్టు చూడడం నా ఉద్యోగం. ఒక డిగ్రీ పెరిగితే ఏమవుతుంది, అర డిగ్రీ తగ్గితే ఏమవుతుంది అని ఆలోచిస్తూనే వయసు గడిచింది. అందుకని పొదుగుతున్న కోడిని చూసినా నాకు ముందు కనబడేది అది నిలబెట్టే వేడి.

అవ్వ గంప

మాది నక్కవాగు పక్క ఊరు. అప్పటి మెదక్ జిల్లా. అవ్వ దగ్గర ఎప్పుడూ నాలుగైదు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టాక మేతకు రావడం తగ్గించేది. గూట్లోంచి లేపబోతే ఈకలు ఉబ్బించి, కొరకొరమంటూ చెయ్యి పొడిచేది. "పొదుగుకొచ్చింది, పొదగేద్దాం" అనేది అవ్వ. వెదురు గంప అడుగున పేలు పట్టకుండా బూడిద, దాని మీద వేడి నిలవడానికి ఇసుక, పైన వరిగడ్డి. గుడ్ల మధ్య ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు. ఉరిమితే గుడ్లు మురుగుతాయని, ఇనుము ఉంటే ఆ దోషం తగలదని ఆమె నమ్మకం.

మేకు మాట ఎట్లున్నా, గుడ్లు ఏరడంలో ఆమెను తప్పు పట్టేందుకు ఏమీ లేదు. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి పక్కన పెట్టేది. మురికి అంటినా కడగనిచ్చేది కాదు. కడిగితే పెంకు మీది సన్నటి పొర పోతుంది. ఆ పొర పోతే సూక్ష్మక్రిములకు దారి దొరుకుతుంది. ఈ వివరం ఆమెకు ఎవరూ చెప్పలేదు, కడిగిన గుడ్లు మురుగుతాయని మాత్రం చూసి తెలుసుకుంది. ఒక కోడి కింద ఎన్ని గుడ్లు పెట్టాలన్నది రెక్కలను బట్టి తేల్చేది. కోడి కూర్చున్నాక బయటికి ఒక్క గుడ్డూ కనబడకూడదు.

ఎండాకాలంలో కోడిని పొదగేసేది కాదు. దానికి కారణం గుడ్డులోనే ఉంది. పిండం గుడ్డు పెట్టిన రోజు నుంచే పెరగదు. చల్లగా ఉన్నంత కాలం ఆగి ఉంటుంది. కోడి కూర్చుని వేడి తగిలిన రోజు నుంచి 21 రోజుల లెక్క మొదలవుతుంది. అందుకే రెండు వారాల పాటు విడివిడిగా పెట్టిన గుడ్లన్నీ దాదాపు ఒకేసారి పిల్లలవుతాయి. కానీ మా వైపు ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కోడి కూర్చోకముందే పిండం కొంత కదిలి, సరిగా పెరగలేక చచ్చిపోతుంది. దీనికి తోడు కొక్కెర తెగులు. మన దేశంలో దాన్ని 1920ల చివర కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించారు, పశువైద్యులు ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. టీకా లేని ఊళ్లో ఆ తెగులు ఒకసారి దిగిందంటే గూళ్లకు గూళ్లే ఖాళీ అయ్యేవి. తెగులు పోయాక మిగిలిన ఒక్క పెట్ట, దాని గుడ్లు, వాటితోనే మంద మళ్లీ మొదలు కావాలి. మిగిలిన గుడ్డు మీద అవ్వకు అంత ఆశ ఉండడానికి కారణం అదే.

ఎందుకు మిగులుతాయి

గుడ్లు మిగలడానికి కారణాలు కొన్ని మామూలువే. పుంజు దాటని పెట్ట గుడ్లలో పిండమే ఉండదు. గంప అంచున పడ్డ గుడ్లకు వేడి చాలదు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇంకోటి. పొదిగే కోడి మేతకు దిగినప్పుడు వేరే పెట్ట ఆ గంపలోకి దూరి తన గుడ్డు పెట్టి పోతుంది. ఆ గుడ్డు లెక్క మూడు రోజులో అయిదు రోజులో వెనకబడుతుంది. అందుకే అవ్వ మొదట్లోనే గుడ్లన్నిటికీ బొగ్గుతో గీత పెట్టేది. గీత లేని గుడ్డు కనబడితే తీసి పులుసులో వేసేది. కానీ పొలం పనులప్పుడు రోజూ గంప చూసే తీరిక ఎవరికి?

కోడి వైపు నుంచి చూస్తే, ఇట్లా గుడ్లు వదిలి దిగిపోవడం నిర్దయ ఏమీ కాదు. పుట్టబోయే ముందు పిల్ల పచ్చసొన మొత్తాన్ని పొట్టలోకి లాక్కుంటుంది. దాని బలంతో రెండు మూడు రోజులు మేత, నీళ్లు లేకుండా ఉండగలదు. అంతకు మించితే బతకదు. అందుకని మొదటి పిల్ల లేచాక కోడి ఒకటి రెండు రోజులు చూస్తుంది. తర్వాత లేచినవాటిని వెంటబెట్టుకుని దిగిపోతుంది. పెంకు పగలకముందే పిల్లలు లోపల కూస్తాయి, కోడి బయటి నుంచి మెల్లగా బదులిస్తుంది. గుడ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే లోపలి చప్పుళ్లు పక్క గుడ్డుకు తెలుస్తాయి. 1960లలో కేంబ్రిడ్జ్‌లో మార్గరెట్ విన్స్ అనే శాస్త్రవేత్త కముజు పిట్టల గుడ్ల మీద పరిశోధన చేసి, ఆ చప్పుళ్ల వల్ల వెనకబడ్డ పిల్లలు తొందరపడతాయని, అన్నీ కాస్త అటూఇటుగా ఒకే సమయానికి లేస్తాయని చూపించారు. ఇంత ఏర్పాటు ఉన్నా, అయిదు రోజులు వెనకబడ్డ గుడ్డు అందుకోలేదు. అమీన్‌పూర్ చెరువు గడ్డిలో గూడు కట్టే బాతులదీ ఇదే తీరు. పిల్లలు పుట్టిన మర్నాటికల్లా నీళ్ల దారి పడతాయి, లేవనివి గూట్లోనే ఉండిపోతాయి.

కోడి దిగిపోయిన గంపను అవ్వ వెంటనే ఖాళీ చేసేది కాదు. గోరువెచ్చని నీళ్ల చెంబులో గుడ్లను ఒక్కొక్కటిగా వదిలేది. నీళ్లు నిలకడ పట్టాక తేలిన గుడ్డు తనంతట తాను ఉలిక్కిపడితే ప్రాణం ఉన్నట్టు. కదలకపోతే మురిగ్గుడ్డు. పెంకు మీద అప్పటికే పగులు ఉంటే నీళ్ల జోలికి పోయేది కాదు, ఆ సందులోంచి నీళ్లు పోతే పిల్ల ఊపిరాడక చస్తుంది. ప్రాణం ఉన్న గుడ్లను పొదుగు మీదున్న ఇంకో కోడి ఉంటే దాని కింద పెట్టేది. లేకుంటే చీర ముక్క, పొయ్యి గోడ. రాత్రి నిప్పులు ఆర్పకుండా బూడిద కప్పి ఉంచే మట్టి పొయ్యి అది. తెల్లారే దాకా గోడ వెచ్చగా ఉండేది. మధ్యమధ్య చేతిని తడిపి గుడ్డ మీద చిలకరించేది. అట్ల కొన్ని లేచేవి, కొన్ని పెంకులోనే ఎండిపోయేవి.

పొయ్యి నుంచి పెట్టె దాకా

అవ్వ చేసిన పని లోకంలో చాలా చోట్ల చేసిందే. రోమ్ చక్రవర్తి అగస్టస్ భార్య లివియా, ఆయన్ని పెళ్లాడక ముందే, కొడుకు టైబీరియస్ కడుపులో ఉన్నప్పుడు, మగబిడ్డా ఆడబిడ్డా తెలుసుకోవాలని ఒక కోడిగుడ్డును రొమ్ముల మధ్య పెట్టుకుని పొదిగిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. తాను పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు వెచ్చదనం పోకుండా దాదికి అందించేదట. చివరికి జుట్టున్న పుంజు పిల్ల పుట్టింది. ఇంటి ఆడవాళ్లు ఒంటి వేడితో చేసిన ఈ పనిని ఈజిప్టులో ఒక వృత్తిగా మార్చారు. అక్కడ గుడ్లను పెంట వేడిలో పొదిగించేవారని అరిస్టాటిల్ కాలానికే తెలుసు. తర్వాత మట్టి ఇటుకలతో రెండంతస్తుల గదులు కట్టారు. కింద గుడ్లు, పైన గడ్డి, పిడకల నిప్పు, మధ్యలో మనిషి పాకి పోయే దారి. ఒక్కో పొయ్యిలో వేల గుడ్లు. థర్మామీటర్ లేదు. గుడ్డును కనురెప్పకు ఆనించుకుని వేడి చాలిందో లేదో చెప్పేవాళ్లు. నైలు డెల్టాలోని బెర్మా ఊరివాళ్లు ఈ పనిలో ఆరితేరినవాళ్లు, తండ్రి నుంచి కొడుక్కి తప్ప బయటివాళ్లకు చెప్పేవాళ్లు కాదు. ఫ్రాన్స్‌లో రియోమ్యూర్ అనే శాస్త్రవేత్త ఆ గుట్టు తెలుసుకుని 1749లో పుస్తకం రాశాడు. ఈజిప్టు తన పిరమిడ్ల కన్నా ఈ పొయ్యిల గురించి ఎక్కువ గర్వపడాలన్నది ఆయన అభిప్రాయం.

నా వృత్తికి సంబంధించిన ముచ్చట దీనికంటే కాస్త ముందుది. 1620ల ప్రాంతంలో కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి దేశస్తుడు పొదిగే పెట్టె ఒకటి చేశాడు. వేడి పెరిగితే లోపలి ద్రవం వ్యాకోచించి పాదరసాన్ని నెడుతుంది. పాదరసం ఒక కమ్మీని లేపుతుంది. కమ్మీ పొగగొట్టం మూతను దించుతుంది, మంట తగ్గుతుంది. వేడి తగ్గితే ఇదంతా వెనక్కి జరుగుతుంది. మనిషి చెయ్యి పెట్టకుండా తన వేడిని తానే సరిచేసుకునే యంత్రాల్లో చరిత్రకెక్కిన మొదటివాటిలో ఇదొకటి. ఫ్యాక్టరీలో నేను కాపలా కాసిన కంట్రోలర్లన్నీ ఆ వంశంలోవే. అంటే రియాక్టర్ జాకెట్‌లో ఆవిరిని అదుపు చేసే విద్యను మనుషులు మొదట సాధన చేసింది కోడిగుడ్డు మీద. 1881లో లండన్‌లో చార్లెస్ హియర్సన్ దాన్ని ఇళ్లల్లోకి తెచ్చాడు. రేకు బిళ్ల లోపల రెండు చుక్కల ఈథర్ లాంటి ద్రవం ఉంటుంది. సరైన వేడికి అది మరిగి బిళ్ల ఉబ్బుతుంది. ఉబ్బిన బిళ్ల కమ్మీని లేపి దీపం వేడిని పక్కకు మళ్లిస్తుంది. కరెంటు లేకుండా గ్యాసునూనె దీపంతో నడిచే పెట్టె అది.

హేచరీ లెక్క

ఇంత వరకూ యంత్రం కోడికి సాయంగానే ఉంది. దాన్ని పక్కకు తోసేసింది గుడ్ల లెక్క. నాటు పెట్ట పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది. మూడు వారాలు కూర్చుంటుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలు పిల్లలను తిప్పుతుంది. అప్పుడు గానీ మళ్లీ గుడ్డుకు రాదు. ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే గొప్ప. పొదుగు ఊసే లేని పెట్ట అయితే ఏడాదంతా గుడ్లు పెడుతూనే ఉంటుంది. పొదుగుకు కూర్చోబెట్టేది ప్రొలాక్టిన్ అనే హార్మోను. అది విజృంభించగానే గుడ్డు ఆగిపోతుంది. ఈ గుణం తల్లి నుంచి పిల్లకు వస్తుంది కాబట్టి, కూర్చోని పెట్టల గుడ్లనే తరతరాలుగా ఏరుకుంటూ పోతే కూర్చోవడం తెలియని జాతి తయారవుతుంది. వైట్ లెగార్న్ అట్ల తయారైందే. అలాంటి కోడి పిల్లలు యంత్రం లేకుండా పుట్టవు. అలాగే ఆ యంత్రానికి కూడా అలాంటి కోడి ఉంటేనే లాభం.

మన వైపు ఈ మార్పు 1960లు, 70లలో జోరందుకుంది. హైదరాబాద్ ప్రాంతంలో కోళ్ల పెంపకం మొదలుపెట్టిన బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. తర్వాత దాని కేంద్రం పుణే అయింది. గుడ్డు ధరను దళారులు కాకుండా రైతులే చెప్పుకోవాలని 1982లో నెక్ సంస్థ ఏర్పడడం వెనకా ఆయనే ఉన్నారు. 2022-23లో దేశంలో 13,838 కోట్ల గుడ్లు వస్తే అందులో అయిదో వంతు ఆంధ్రప్రదేశ్‌ది, దాదాపు 13 శాతం తెలంగాణది. బడి పిల్లల పళ్లెంలోకి గుడ్డు వచ్చిందంటే ఈ మనుషులు, ఈ యంత్రాల పుణ్యమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

హేచరీలోనూ గుడ్లు మిగులుతాయి. గుడ్లు 18 రోజులు ఒక యంత్రంలో ఉంటాయి, చివరి మూడు రోజులకు ఇంకో యంత్రంలోకి మారుస్తారు. 21వ రోజు ట్రేలన్నీ బయటికి లాగుతారు. లేచిన పిల్లలు పెట్టెల్లోకి పోతాయి. పెంకు పగలగొట్టుకుంటూ ఉన్నవీ, ఇంకా కూస్తున్నవీ వ్యర్థాల కింద పోతాయి. లారీ బయలుదేరే వేళ ముఖ్యం కాబట్టి ఆగరు. వెనకబడ్డవాటి కోసం గంపలో కోడి ఒకటి రెండు రోజులు ఆగుతుంది. ఆ ఒకటి రెండు రోజులే హేచరీలో లేకుండా పోయాయి.

లేయర్ జాతిలో మగ పిల్లలకు గుడ్ల ఫారంలో పని లేదు. వాటిలో కొన్నింటికి గులాబీ, పచ్చ, ఊదా రంగులు వేసి సైకిల్ గంపల్లో వాడవాడకూ తెచ్చి అమ్మేవాళ్లు. రూపాయి, రెండు రూపాయలకు కోడిపిల్ల గుమ్మం ముందుకు వస్తుంటే, మిగిలిన గుడ్డు కోసం రాత్రంతా మేలుకునేది ఎవరు? మా అమ్మ పెంటకుప్ప దారి పట్టడానికి ఇది ఒక కారణం. రెండో కారణం వంటింట్లో ఉంది. గ్యాస్ పొయ్యి వచ్చాక రాత్రంతా వెచ్చగా ఉండే గోడే లేకుండా పోయింది.

చెరువు, ఫ్యాక్టరీ, ప్లాటు

అమీన్‌పూర్ చెరువు ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, అంటే 1550, 1580 మధ్య తవ్వించినదని చెప్తారు. చుట్టూ వరి, జొన్న, చెట్ల తోపులు. 1960లలో రామచంద్రాపురంలో భెల్ ఫ్యాక్టరీ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పంటల పరిశోధన కేంద్రం వచ్చింది. ఆ తర్వాత పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు. వాటి నుంచి దిగిన రసాయనాలు వాగులో కలిసి నక్కవాగు రంగే మారింది. దాని మీద ఊళ్ల పోరాటం 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. వాగు నీళ్లు తాగిన పశువులు చచ్చిన ఊళ్లలో కోళ్ల గురించి ఎవరూ కేసు వేయలేదు. పొలం పోయి పెంటకుప్ప పోయినప్పుడే కోడి కూడా పోయింది. పురుగు, గింజ, దుమ్ములో పొర్లాడే చోటు లేకుండా నాటుకోడి బతకదు.

మేమూ ఆ మార్పు వల్లే ఇక్కడికి వచ్చినవాళ్లం. నాయినకు ఫ్యాక్టరీలో కొలువు దొరికాక అమీన్‌పూర్‌లో జాగ కొన్నాం. అప్పటికి బీరంగూడ గుట్ట మీద మల్లన్న గుడికి కాలిబాటనే పోయేవాళ్లం, శివరాత్రి జాతరకు తప్ప జనం ఉండేవాళ్లు కాదు. ఇప్పుడు గుట్ట చుట్టూ విల్లాలు, అపార్టుమెంట్లు. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. అదే ఏడాది నవంబరులో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర పరిధిలోని నీటి వనరుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. చెరువు పక్షులను చూడడానికి కెమెరాలతో వచ్చేవాళ్లు, మా సందులో తెల్లవారుజామున పుంజు కూస్తే తలుపు కొట్టేవాళ్లు ఇప్పుడు ఒకే కాలనీలో ఉన్నారు.

రాజేంద్రనగర్ కోడి

ఈ మార్పుల మధ్యలోనే ప్రభుత్వ శాస్త్రవేత్తలు పెరటి కోడి గురించి ఆలోచించారు. 1988 మార్చిలో రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలి వాళ్ల కోళ్ల పరిశోధన సంస్థ మొదలైంది. అక్కడి నుంచి వచ్చినవే వనరాజా, గ్రామప్రియ. ఊళ్లో జనం తెల్లకోడిని ముట్టరని, గుడ్డు ఎర్రగా ఉండాలంటారని వాళ్లకు తెలుసు. అందుకే రంగురంగుల ఈకలు, గోధుమ రంగు గుడ్లు. గ్రామప్రియ ఏడాదికి రెండు వందల గుడ్లకు పైగా పెడుతుంది. వనరాజా బరువు తూగుతుంది. ఆరు వారాలు దీపాల కింద పెంచి, టీకాలు వేసి, ఆ తర్వాత ఇళ్లకు ఇస్తారు. కూలి ఆడవాళ్ల చేతికి నాలుగు పైసలు వచ్చాయంటే ఈ కోళ్ల వల్లే.

కాకపోతే ఈ కోళ్లు పొదుగుకు కూర్చోవు. అందుకని ఊళ్లలో ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతి పట్టారు. వనరాజా గుడ్లను నాటు పెట్ట కింద పొదగేస్తారు. నాటుకోడికి గుడ్డు ఎవరిదైనా ఒకటే. మా ఇంట్లోనూ అదే పద్ధతి. అందువల్లే గుడ్లు మిగలడం ఎక్కువైంది. ఆ గుడ్లు పెద్దవి, రెక్కల కింద తక్కువ పడతాయి. అంచున ఉన్నవి చల్లబడి ఒక రోజు వెనకబడతాయి. కోడి మాత్రం తన లెక్క ప్రకారం దిగిపోతుంది.

థర్మోకోల్ పెట్టె

మందుల ఫ్యాక్టరీలు ఉన్నచోట పాత సామాన్ల దుకాణాల్లో థర్మోకోల్ పెట్టెలకు కొదవ ఉండదు. చల్లగా పంపాల్సిన సరుకు వాటిలో వస్తుంది, తర్వాత పెట్టె చిత్తుకు పోతుంది. ఒక పెట్టె, పాత కంప్యూటర్ ఫ్యాను, రెండు బల్బులు, మార్కెట్లో దొరికే చిన్న చైనా థర్మోస్టాట్ బోర్డు. ఇంతే నా సరంజామా. రెండు బల్బులు ఎందుకంటే, ఒకటి మాడిపోయినా రెండోది నిలబెడుతుంది. ఫ్యాక్టరీలోనూ ముఖ్యమైన చోట ఇదే సూత్రం. కరెంటు పోయినా థర్మోకోల్ గోడ వేడిని కొంత సేపు పట్టి ఉంచుతుంది. ఇంకా ఆలస్యమైతే లోపల వేడినీళ్ల సీసాలు పెడతాను.

ఫ్యాను తిరిగే పెట్టెలో 37.5 డిగ్రీలు ఉండాలి. ఫ్యాను లేకుంటే వేడి పైకి చేరుతుంది కాబట్టి గుడ్డు పై అంచు దగ్గర ఇంకో డిగ్రీ ఎక్కువ ఉండాలి. చాలామంది ఈ తేడా చూడక గుడ్లు పాడుచేస్తారు. మిగిలిన గుడ్ల విషయంలో అసలు చిక్కు వేడి కంటే తేమతో వస్తుంది. పొదుగు కాలంలో గుడ్డు తన బరువులో పది పన్నెండు శాతం నీటిని ఆవిరిగా పోగొట్టుకోవాలి. ఆ ఖాళీలో గాలి చేరితేనే పిల్ల మొదటి ఊపిరి తీస్తుంది. కానీ చివరి మూడు రోజులు గాలిలో తేమ 65, 70 శాతం ఉండాలి. లేకపోతే పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. అవ్వ చేతిని తడిపి చిలకరించింది దీనికోసమే. నేను పెట్టెలో తడి స్పాంజి పెడతాను. ఆమె పొయ్యి గోడ దగ్గర తక్కువైంది తేమే అని తేమ మీటరు కొన్నాక తేలింది. తెల్లారితే చలి పదికి దిగిపోయే పటాన్‌చెరు డిసెంబరులో ఆరిన గుడ్డను ఎన్నిసార్లు తడిపినా చాలదు.

కోడి దిగిన సాయంత్రమే గుడ్లు తీసుకుంటాను. చీకట్లో సెల్‌ఫోన్ లైటుకు ఆనిస్తే లోపల సంగతి తెలుస్తుంది. ఏమీ లేనిది వెలుగంతా బయటికి పంపుతుంది. మురిగినది కలిసిపోయి మసగ్గా ఉంటుంది. ప్రాణం ఉన్నది నల్లగా నిండి, గాలి గది అంచున మెల్లగా కదులుతుంది. ఆ దశలో గుడ్లను ఇక తిప్పే పని లేదు. కోడి రోజుకు చాలాసార్లు తిప్పి తన వంతు ముందే పూర్తి చేసింది. మూత తీయకుండా ఉండడమే మనం చేయాల్సింది. పెంకు మీద మొదటి పగులు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక పూట, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. ఆ కాలంలో పొరలోని రక్తం, పొట్ట కింది పచ్చసొన లోపలికి ఇంకుతాయి. జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం పోయి పిల్ల చస్తుంది.

ఆరిన పిల్లను చీకటి పడ్డాక తల్లి రెక్క కిందకు జారుస్తాను. తెల్లారేసరికి మందలో కలిసిపోతుంది. మూడు నాలుగు రోజులు దాటితే కోడి ఒప్పుకోకపోవచ్చు, పొడిచి తరుముతుంది. ఆలోపు కలిపితే చాలు, మిగతాదంతా కోడే చూసుకుంటుంది. చెరువు మీద నుంచి గద్ద నీడ పడగానే తల్లి ఒక రకంగా అరుస్తుంది. పిల్లలు ఎక్కడివక్కడ నక్కుతాయి. నా పెట్టె ఆ అరుపు నేర్పలేదు.

ఎవరి పని ఎంత

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31 కోట్లకు పైనే, అంతకు ముందు గణన కన్నా దాదాపు 46 శాతం ఎక్కువ. నాటుకోడికి ధర వచ్చింది. సంగారెడ్డి రోడ్డు పొడుగునా నాటుకోడి బోర్డులే. దాంతో చిన్న ఇంక్యుబేటర్ల వ్యాపారం కూడా పెరిగింది. పొదగేయడం ఎందుకు, గుడ్లన్నీ మెషీన్‌లో పెడితే పెట్ట మళ్లీ గుడ్డుకు వస్తుంది కదా అంటారు. లెక్క నిజమే. హేచరీలు వేసిందీ ఈ లెక్కే. పొదుగు మీద కూర్చునే పెట్ట తక్కువ గుడ్లు ఇస్తుంది కాబట్టి మెషీన్‌లోకి దాని గుడ్లు తక్కువ పోతాయి, కూర్చోనిదాని గుడ్లు ఎక్కువ పోతాయి. ఎవరూ అనుకోకుండానే కొన్ని తరాలకు నాటుకోడి కూడా కూర్చోవడం మరిచిపోతుంది. లెగార్న్‌కు శాస్త్రవేత్తలు కోరి చేసింది, నాటుకోడికి మన తొందర చేస్తుంది. అప్పుడు వనరాజా గుడ్లను ఏ కోడి కింద పెడతారు? కరెంటు పోయిన రాత్రి, పెట్టె కొనలేని ఇంట్లో, పిల్లలు ఎట్ల లేస్తాయి?

అందుకే మిగిలిన గుడ్ల వరకే పెట్టెను వాడడం నాకు సరైనదిగా తోస్తుంది. 21 రోజుల పనీ, పిల్లల పెంపకమూ కోడివే. అది లెక్క ప్రకారం వదిలేసిన రెండు మూడు గుడ్లకు మాత్రం పెట్టె కావాలి. డ్రెబెల్ పెట్టె కోడి పనిని తాను చేయబోయింది, హేచరీ కోడి చేతిలోంచి ఆ పని లాగేసుకుంది. ఈ థర్మోకోల్ పెట్టె కోడి ఆపిన చోట మొదలుపెట్టి, పిల్లను తిరిగి కోడికే అప్పజెప్తుంది. ఇంతకన్నా పెద్ద పని దానికి ఇవ్వకూడదు.

నాటు గుడ్లు కావాలని మా ఇంటికి వచ్చేవాళ్లకు, పెట్టె చూసి అలాంటిదే చేసిపెట్టమని అడిగేవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: "పొదిగే పెట్ట గుడ్లే ఏరుకోండ్రి. మిషిని గూడ చేసిస్త, కానీ మొదలు కోడిని కూసోనియ్యుండ్రి."